బోర్డు మీది చెవి

ఆ వీధిలో కార్ల షెడ్లు వరసగా ఉండేవి. వాటి బోర్డుల మీద పానాలు, చక్రాలు, రెక్కలు మొలిచిన ఇంజన్లు కనిపించేవి. ఒక్క బోర్డు మీద మాత్రం మనిషి చెవి ఉండేది. ముఖం గాని మెడ గాని లేకుండా, పసుపు రేకు నడుమ, చాటంత చెవి. దాని కింద ‘చక్రాల మోతలు విని బాగుచేయబడును’ అని ఎర్రని అక్షరాలు. అక్షరాలు చెవికంటే బాగా చిన్నవి కావడం వల్ల, కొత్తవాళ్లు కొందరు అది చెవుల ఆస్పత్రి అనుకొని, ఏడుస్తున్న పిల్లల్ని చంకనెత్తుకొని లోపలికి వచ్చేవారు. షెడ్డు యజమాని వారిని ఎన్నడూ కసిరేవాడు కాదు. “మీవాడిది ఏడుపు తల్లీ, మేం చూసేది మూలుగు. ఆస్పత్రి ఆ మలుపు తిరిగాక,” అని దారి చూపించేవాడు.

ఆయనను అందరూ చెవి మేస్త్రి అనేవారు. పొట్టి మనిషి, పొట్టివాళ్లలో కొందరికి ఉండే నిటారుతనం ఉండేది. చేతులు ఎంత గ్రీజుమయమైనా చెవులు మాత్రం శుభ్రంగా ఉంచుకొనేవాడు. స్నానమయ్యాక తువ్వాలు కొసతో వాటిని తుడుచుకొనే తీరు, ఫోటోలు తీసేవాడు కెమెరా అద్దాన్ని తుడిచినట్లుండేది.

ఆయన పనితీరు ఇది. మోత చేస్తున్న బండి వస్తే, దాని యజమానినే నడపమని, తాను పక్క సీట్లో కూర్చొని కళ్లు మూసుకొనేవాడు. వీధి చివరి దాకా వెళ్లి వచ్చేలోపు కళ్లు తెరిచి, “వెనక కుడి బ్రేకులో రాయి,” అనో, “ముందు ఎడమ బేరింగు,” అనో ఒక్క మాట చెప్పేవాడు. రెండో మాట ఉండేది కాదు. జాకీ ఎత్తి వెతకడం, పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇనుముకు ఆనించి పిడిని చెవికి ఆనించి వినడం వంటి పద్ధతులు ఆయనకు తెలియనివి కావు. ఆ స్క్రూడ్రైవరును తన దగ్గర పని నేర్చుకొనేవాళ్లకు ఇచ్చేవాడు. “ఇది చెవి మొలవనివాళ్లకి చేతికర్ర. మొలిచాక తిరిగి ఇచ్చెయ్యాలి,” అనేవాడు.

ఇది గొప్పలు చెప్పుకోవడమే గాని, అబద్ధం చెప్పడం కాదు. చాలా ఏళ్లపాటు ఆ ఒక్క మాట నిజమవుతూ వచ్చింది.

చివరిగా స్క్రూడ్రైవరు తిరిగి ఇచ్చినవాడు ఆయన బావమరిది, అంటే భార్య తమ్ముడు. తిరిగి ఇచ్చిన మర్నాడే వీధికి అవతలి పక్క, సరిగ్గా ఎదురుగా, సొంత షెడ్డు పెట్టాడు. అందులో బండి జబ్బులు తెర మీద చూపే ఒక స్కానరు, చల్లని గాలి వచ్చే ఒక గది, ఆ గదిలో మెత్తని సోఫా ఉండేవి. బావ సోఫాను ఎద్దేవా చేసేవాడు, బావమరిది చెవిని ఎద్దేవా చేసేవాడు. ఇద్దరి మధ్య వీధి వెడల్పు తక్కువ కావడం వల్ల ఇదంతా ఎవరి చోట వారు కూర్చొనే సాగేది.

“ఒరేయ్, బండికి జబ్బయితే మనిషికి సోఫా ఎందుకురా?”

“నువ్వు కళ్లు మూసుకుని కూర్చుంటావుగా బావా, నా కస్టమర్లు పడుకుంటారు. తేడా ఏముంది?”

ఆ సంవత్సరం బావమరిది షెడ్డు బాగా పుంజుకొంది. మేస్త్రి దగ్గర పని చేయించుకొన్న బండ్లలో కొన్ని, మోత పోక, కొన్నాళ్లకు వీధి దాటి అవతలికి వెళ్లేవి. అక్కడ బాగయ్యేవి. “స్కానరు మహిమ,” అనేవాడు బావమరిది. మేస్త్రి పానా అందుకొని తన పనిలో పడేవాడు. రాత్రి భోజనం దగ్గర మాత్రం ముద్ద కలిపిన చెయ్యి కంచంలోనే ఉండిపోయేది.

ఈ స్థితిలో పశువుల డాక్టరమ్మ బండి వచ్చింది.

అది నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి. కొండల మీది పశువుల కొట్టాలకు రాళ్ల దారుల్లో వెళ్లవలసిన ఉద్యోగం కాబట్టి ఆమెకు అలాంటిది తప్పదు. దాని ముందు భాగంలో ఒక మూలుగు మొదలైంది. నెమ్మదిగా వెళితే వినపడదు. వేగం పుంజుకొన్నాక సన్నగా మొదలై, వేగంతోపాటు లావవుతుంది. గేరు తీసేసి బండిని ఊరికే దొర్లనిచ్చినా పోదు. కాబట్టి ఇంజనుది కాదు. గేరు కర్ర పక్కనున్న చిన్న కర్రను లాగి ముందు చక్రాలకు బలం ఆపేసినా పోదు. ముందు టైర్లను వెనక్కి, వెనక టైర్లను ముందుకి మార్చినా చోటు మారలేదు. కాబట్టి టైర్లదీ కాదు. ఇంతవరకు డాక్టరమ్మే తేల్చుకొని వచ్చింది. పశువులు తమ బాధ చెప్పలేవు గనుక, ఒక్కొక్కటే కాదని కొట్టివేస్తూ పోవడం ఆమెకు అలవాటు.

“ఇంకొకటి మేస్త్రిగారూ. స్టీరింగు ఎడమకి తిప్పితే మూలుగు పెరుగుతోంది. కుడికి తిప్పితే తగ్గుతోంది.”

“ఎడమకి తిప్పితేనా? ఎడమే అయ్యుంటుందమ్మా.”

“కాదేమో. ఎడమకి తిప్పితే బరువు కుడి చక్రం మీద కదా పడేది?”

“లెక్కలు చెవి లేనివాళ్లకి డాక్టరమ్మా. మీరు నడపండి,” అని మేస్త్రి కళ్లు మూసుకొన్నాడు. వీధి చివర కళ్లు తెరిచాడు. “ముందు ఎడమ బేరింగు.”

బేరింగు మార్చారు. తీసిన దాన్ని మేస్త్రి వెలుతురులో తిప్పి, “చూడండి, నల్లబడింది,” అన్నాడు. ఏ పాత బేరింగయినా కొంత నల్లగానే ఉంటుంది. బండి వెళ్లింది, మూలుగుతూ తిరిగి వచ్చింది. ఈసారి ఎడమ ఇరుసు చివరి కీలు అన్నాడు. అదీ మార్చారు. బండి మళ్లీ వచ్చింది. అది మలుపు తిరగకముందే మూలుగు వీధిలోకి వచ్చేసింది. షెడ్లలో పనిచేసేవాళ్లందరూ పానాలు దించి చూశారు.

బావమరిది వీధి మధ్యకు వచ్చి నిలబడ్డాడు. “బావా, ఎడమ చక్రం మొత్తం కొత్తదైపోయింది. ఇంక మార్చడానికి మిగిలింది డాక్టరమ్మగారి ఎడమ చెయ్యే.”

నవ్వులు వినపడ్డాయి. మేస్త్రి కుర్చీలోంచి లేచాడు.

“అందరూ వినండి! ఈసారి నేను చెప్పిన పని చేశాక కూడా ఈ బండి మూలిగిందంటే, ఆ బోర్డు నా చేతుల్తో నేనే దించేస్తా. చెవి మేస్త్రి అనే మాట ఈ వీధిలో ఉండదు.”

“దించాక రేకు నాకియ్యి బావా. స్కూటర్లకి నీడేసుకుంటా.”

“మీ బోర్డు మాట సరే,” అంది డాక్టరమ్మ తలుపు తీస్తూ. “ఈ చక్రం కొండ మీద ఊడితే దిగేది బోర్డు కాదు, నేను. రేపు పొద్దున్న ఒక మేకని ఇంటికి దింపాలి. దారిలో తీరిగ్గా వినండి. ఆ పైన చెప్పండి.”

షెడ్డు పైనే మేస్త్రి ఇల్లు. భార్య బస్టాండులో బస్సుల రాకపోకలు మైకులో చెప్పే ఉద్యోగిని. ఆమె గొంతు స్పష్టమైనది. ఇంట్లో మాట్లాడినా ఏదో బస్సు బయలుదేరబోతున్నట్లే ఉండేది. ఆ సాయంత్రం తమ్ముడు మెట్ల మీద కనిపిస్తే ఆపేసింది.

“ఏరా, నలుగురిలో మీ బావని ఎందుకు అలా అనడం?”

“నువ్వైనా చెప్పక్కా ఆయనకి, కాస్త స్కానరు వాడమని.”

“నేను చెబితే వినాలి కదా! బస్టాండంతా నా ఒక్క మాటకి మూటలెత్తుకుని పరిగెడుతుంది. ఈయన గ్లాసు కూడా జరపరు. పోయిన వానాకాలం నుంచీ ఇదే తంతు. నువ్వు ఎదురుగా షెడ్డు పెట్టావని నా మీద అలక. వంటింట్లోంచి పిలిస్తే బాల్కనీలోకెళ్లి వీధి చూస్తారు. ఎగతాళి కాకపోతే ఏంటి?”

నిజానికి పోయిన వానాకాలంలో ఆ ఇంట్లో రెండు సంగతులు జరిగాయి. గోడ చెమ్మ ఊరడంతో ఫ్రిజ్జును జరపవలసి వచ్చింది. ఫ్రిజ్జు జరగడంతో భోజనాల బల్ల దగ్గర భార్య కుర్చీ మేస్త్రి ఎడమ పక్కనుంచి కుడి పక్కకు మారింది. అదే రోజుల్లో మేస్త్రికి జలుబు చేసి, చెవిలో కొన్నాళ్లు కందిరీగ తిరిగినట్లయి, తర్వాత ఆగిపోయింది. కందిరీగ వెళ్లిపోయిందని ఆయన సంతోషించాడు. ఈ రెండింటినీ కలిపి ఆలోచించవలసిన అవసరం ఎవరికీ కలగలేదు.

మర్నాడు ఉదయం డాక్టరమ్మ బండి నడిపింది. మేస్త్రి ఎడమ పక్క సీట్లో కళ్లు మూసుకొన్నాడు. వెనక గడ్డి మీద, ముందు కాలికి తెల్లని కట్టుతో, మేక నిలబడింది. ఊరు దాటాక మూలుగు మొదలైంది. ఎడమ పక్కనుంచే. కాని ఎడమ పక్కన మార్చవలసింది ఇంకేమీ మిగలలేదు.

“మేస్త్రిగారూ, కాస్త దాని తల పట్టుకోండి. కట్టు కొరికేస్తోంది.”

మేస్త్రి సీటు మీద మోకాళ్లూని, వెనక్కి తిరిగి, మేక గడ్డం పట్టుకొన్నాడు. అంతలో ఆయన ముఖం మారిపోయింది.

“డాక్టరమ్మా, ఆపకండి! మోత పారిపోయింది!”

“ఎక్కడికండీ?”

“కుడి చక్రంలోకి!” ఆయన గిరుక్కున ముందుకు తిరిగాడు. “ఇప్పుడు ఎడమలోకొచ్చేసింది.” మళ్లీ వెనక్కి తిరిగాడు. “ఇదిగో, కుడి!” మళ్లీ ముందుకు. “ఎడమ! దొంగ మోతమ్మా ఇది. నేను కాస్త ముఖం తిప్పితే చాలు, ఇరుసు లోపల్నుంచి అవతలికి పరిగెడుతోంది. ఇన్నేళ్లలో ఇలాంటిది చూడలేదు.”

ఎదురుగా వస్తున్న ఒక లారీ డ్రైవరు, కారు సీట్లో గుండ్రంగా తిరుగుతున్న పెద్దమనిషిని, ఆయనతోపాటు తల తిప్పుతున్న మేకను చూసి, వేగం తగ్గించి మరీ వెళ్లాడు.

డాక్టరమ్మ బండిని పక్కకు తీసి ఆపింది. కొంతసేపు మేస్త్రి వంక చూసింది. ఆ చూపు సాధారణంగా ఆమె కొట్టాల్లో చూసే చూపు.

“కళ్లు మూసుకోండి మేస్త్రిగారూ. చిటిక వేస్తాను. ఎటువైపో చెప్పండి.”

చిటిక వినపడింది. “ఎడమ,” అన్నాడు మేస్త్రి.

“ఇప్పుడు?”

“ఎడమ.”

“ఇప్పుడు?”

“ఎడమే. ఒక్క చేతికేనా మీకు చిటికలొచ్చేది?”

“రెండు చేతులతోనూ వేశానండీ. ఆఖరిది మీ కుడి చెవి పక్కనే.”

మేస్త్రి కళ్లు తెరిచాడు. “మేకలకి చేసే పరీక్షలు నాకు చేస్తున్నారా?”

“మేక ఇంత పేచీ పెట్టదు. అయినా దాన్నే చూడండి. ఊరు దాటినప్పటినుంచీ రెండు చెవులూ కుడి చక్రం వైపే పెట్టింది.”

“మేక మాట పట్టుకుని బేరింగు మార్చమంటారా?” అని మేస్త్రి చెయ్యి ఊపాడు. ఊపిన చెయ్యి మేకకు అందింది. మేక ఆయన ఎడమ బొటనవేలును పట్టి కొరికింది.

వేలికి కట్టుతో మధ్యాహ్నం ఇల్లు చేరి, మేస్త్రి మంచం మీద గోడకు తిరిగి పడుకొన్నాడు. బస్టాండునుంచి భార్య ఫోను చేసింది. ఆయన ఎప్పుడూ ఫోనును ఎడమ చేత్తో ఎత్తి ఎడమ చెవికి పెట్టుకొనేవాడు; కుడి చెయ్యి పానాది. ఇప్పుడు ఎడమ చేతికి కట్టు ఉంది కాబట్టి కుడి చేత్తో ఎత్తి కుడి చెవికి పెట్టుకొన్నాడు. అవతల ఎవరూ మాట్లాడలేదు. “హలో,” అన్నాడు. పెట్టేశాడు. మళ్లీ మోగింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ ఎవరూ లేరు.

భార్య సాయంత్రం చెప్పులైనా విప్పకుండా లోపలికి వచ్చింది.

“ఫోనెత్తి హలో హలో అని పెట్టేస్తారా! వాన మబ్బేసింది, మేడ మీద బట్టలు తియ్యండి అని గొంతు చించుకున్నాను. మీ అలక బట్టల మీద కూడానా?”

“అలక కాదు. ఫోను చచ్చింది.”

ఆమె తన ఫోనుతో ఆయన ఫోనుకు చేసి, ఎత్తి, ఆయన కుడి చెవికి పెట్టింది. గుమ్మం దాకా వెళ్లి, తన ఫోనులోకి నోరు దగ్గరగా పెట్టి మెల్లగా, “వినపడుతోందా?” అంది. ఆయన చూస్తూ ఊరుకొన్నాడు. తిరిగి వచ్చి ఫోనును ఆయన ఎడమ చెవికి మార్చి, మళ్లీ గుమ్మం దగ్గరకు వెళ్లి, మళ్లీ అంతే మెల్లగా అడిగింది.

“ఆఁ, వినపడుతోంది,” అన్నాడు మేస్త్రి. “చూశావా, ఈ ఫోను ఎడమవైపే పనిచేస్తోంది...”

ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చి, ఆయన ఎడమ చెవిలో పడింది. మేస్త్రి ఫోనును మెల్లగా ఒళ్లో పెట్టుకొన్నాడు.

భార్య భోజనాల బల్ల వైపు చూసింది. ఫ్రిజ్జు వైపు చూసింది. తర్వాత తన కుర్చీని చప్పుడయ్యేలా ఈడ్చుకొంటూ వచ్చి, ఆయన ఎడమ పక్కన వేసి కూర్చొంది.

“అయితే ఇన్నాళ్లూ నా మీద అలక కాదా?”

“అలకెందుకు?”

“మా తమ్ముడు ఎదురుగా షెడ్డు పెట్టాడని.”

“వాడి మీద కోపం వాడి మీదే ఉంది. నీ దాకా ఎందుకు రానిస్తాను?”

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకొంది. తర్వాత ఏదో గుర్తుకు వచ్చింది. “మరి ఫ్రిజ్జు జరపకముందు, ఇటువైపే కూర్చుని చెప్పినవో?”

మేస్త్రి ఆలోచించాడు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. “అవి విన్నాను.”

“విని?”

“ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాను.”

“ఇంక ఆ సౌకర్యం లేదు. ఆ దారి మూతపడింది.”

మేస్త్రి నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. “చెవి మేస్త్రికి చెవుడంటే ఎవరొస్తారు నా దగ్గరికి? చక్రం మూలిగితే మూలుగని చెప్పగలను. ఏ చక్రమో చెప్పలేను. బోర్డు మాట అటుంచు, రేప్పొద్దున్న ఆవిడకి ఏం చెప్పను? నా చెవి ఇంకా ఎడమనే అంటోంది.”

“చెవుడని చెప్పండి.”

“చెవిటి మేస్త్రి అంటారు.”

“చెప్పకపోతే ఎడమ చక్రం మేస్త్రి అంటారు. ఏది నయం?” ఆమె కుర్చీని ఇంకొంచెం దగ్గరకు జరిపింది. “బస్సు ఆలస్యమైతే ఆలస్యమనే నేను చెప్పాలి. నాకేమైనా సరదానా? చెప్పకుండా కూర్చుంటే జనం తిట్టేది బస్సుని కాదండీ, నన్ను.”

మేస్త్రి లేచి కిందికి వెళ్లాడు. షెడ్డులో సొరుగు తెరిచిన చప్పుడు ఆమెకు పైకి వినపడింది. తిరిగి వచ్చేటప్పుడు ఆయన చేతిలో పొడుగాటి స్క్రూడ్రైవరు ఉంది.

ఉదయం, వీధిలో అందరూ షెడ్లు తెరిచే వేళకు, డాక్టరమ్మ బండి ముందు భాగం జాకీల మీద లేచి ఉంది. మేస్త్రి బండి కింద పడుకొని ఉన్నాడు. ఈ దృశ్యం చాలా ఏళ్లుగా ఎవరూ చూడనిది కాబట్టి పక్క షెడ్డు వెల్డరు అద్దాలు తీసి మరీ చూశాడు. బావమరిది సోఫా వదిలి వీధి దాటి వచ్చాడు.

“ఏం బావా, చేతికర్ర పట్టావు?”

“ఒరేయ్, ఆ ఎడమ చక్రం తిప్పు. మెల్లగా కాదు, గట్టిగా.”

బావమరిది తిప్పాడు. మేస్త్రి స్క్రూడ్రైవరు మొనను తిరిగే భాగానికి తగలకుండా, చక్రాన్ని మోసే ఇనుప దిమ్మకు ఆనించి, పిడిని ఎడమ చెవికి ఆనించాడు. తర్వాత పొర్లుకొంటూ కుడి పక్కకు వెళ్లాడు.

“ఇది తిప్పు.”

అక్కడ కూడా పిడిని ఎడమ చెవికే ఆనించాడు. ఇందుకోసం ఆయన తలను దాదాపు తలకిందులుగా పెట్టవలసి వచ్చింది. ఆ స్థితిలోనే ఆయన ముఖం వెలిగింది. ఎడమ చక్రం దగ్గర పట్టుగుడ్డ జారినట్లు విన్న చోట, ఇక్కడ తిరగలిలో ఇసుక పోసినట్లు ఉంది. చెవిని నమ్మకుండా, స్క్రూడ్రైవరు కింద పెట్టి, చక్రం మీదుండే స్ప్రింగు చుట్టను వేళ్లతో పట్టుకొన్నాడు. అది సన్నగా వణికింది. ఎడమ పక్కకు పొర్లి అక్కడి చుట్టను పట్టుకొన్నాడు. అది ఊరికే ఉంది. వేళ్లకు కుడి ఎడమల పేచీ లేదు.

ఆయన బయటికి వచ్చి, మోకాళ్లు దులుపుకొని, అందరికీ వినపడేలా చెప్పాడు. “ముందు కుడి బేరింగు. డాక్టరమ్మగారు మొదటి రోజే చెప్పారు. ఎడమకి తిప్పితే బరువు కుడి చక్రం మీద పడుతుందని నా దగ్గర నేర్చుకున్న ప్రతివాడికీ చెప్పినవాణ్ని, నేనే వినలేదు. ఎందుకంటే నా కుడి చెవి పనిచెయ్యదు. నిన్ననే తెలిసింది. ఒక్క చెవివాడికి లోకమంతా ఆ చెవి వైపే ఉంటుంది.”

ఎవరైనా నవ్వుతారేమోనని మేస్త్రి ఒక్కొక్కరినీ చూశాడు. చివరికి బావమరిది దగ్గర చూపు ఆగింది. “నవ్వరా, నవ్వేసెయ్యి.”

బావమరిది నవ్వలేదు. ఏదో లోపల లెక్క వేసుకొంటున్నవాడిలా నిలబడ్డాడు.

“ఒరేయ్, ఒక సంగతి చెప్పు. నా దగ్గర బాగవక నీ దగ్గరికొచ్చిన బండ్లు ఉన్నాయిగా. వాటిల్లో నువ్వు బాగుచేసినవన్నీ కుడివైపువేనా?”

“అవును బావా.”

“స్కానరు చెప్పిందా?”

బావమరిది కాలితో రాయిని దొర్లించాడు. “చక్రం మూలిగితే స్కానరుకేం తెలుస్తుంది బావా? దానికి వైర్లలో జబ్బులే తెలుస్తాయి. రోగం బేరింగు అని నువ్వు చెప్పావంటే అది బేరింగే. ఎడమది నువ్వు మార్చేశావంటే ఇంక మిగిలింది కుడిదే కదా. అది మార్చేవాణ్ని.”

“అంటే ఏడాది పొడుగునా నా చెవి మీద నువ్వు సోఫా కొన్నావు!”

“ఒక్క చెవి మీదే బావా,” అన్నాడు బావమరిది. ముందుగా నవ్వింది డాక్టరమ్మ. ఆ తర్వాత వెల్డరు. ఆ తర్వాత వీధంతా. మేస్త్రి చాలాసేపు బిగపట్టి, చివరికి ఓడిపోయాడు.

కుడి బేరింగు మార్చారు. తీసిన దాన్ని వెలుతురులో తిప్పితే, ఈసారి ఎవరూ చూపించనక్కరలేకుండానే, లోపలి ఉక్కు దారిలో పొలుసులు లేచి కనిపించాయి. పరీక్షకు వెళ్లేటప్పుడు మేస్త్రి మేడ వైపు చూసి భార్యను పిలిచాడు. ఆమె దిగి వచ్చి, వెనక సీట్లో కుడి పక్కన కూర్చొంది. ఆయన ముందు ఎడమ పక్కన కూర్చొన్నాడు. ఊరు దాటి, వేగం పుంజుకొని, ఎడమకు ఒక మలుపు, కుడికి ఒక మలుపు తిరిగి బండి వెనక్కి వచ్చింది. అందరూ చుట్టూ మూగారు. మేస్త్రి నోరు తెరవలేదు; చెయ్యి చాచి భార్య వైపు చూపించాడు.

ఆమె గొంతు సవరించుకొంది. “దయచేసి వినండి. ముందు కుడి చక్రం మూలుగు శాశ్వతంగా రద్దు చేయబడినది.”

ఆ సాయంత్రం మేస్త్రి మలుపు తిరిగి చెవుల ఆస్పత్రికి వెళ్లాడు. ఇన్నేళ్లుగా ఎందరికో చూపించిన దారే. నరం దెబ్బతిన్నదనీ, కందిరీగ తిరిగిన రోజునే వచ్చి ఉంటే ప్రయత్నించడానికి వీలుండేదేమోననీ, ఇప్పుడు ఎడమ చెవిని జాగ్రత్తగా చూసుకోమనీ డాక్టరు చెప్పాడు. మేస్త్రి తల ఊపి, బయటికి వచ్చి, తిన్నగా షెడ్డుకు వెళ్లి నిచ్చెన వేశాడు.

“ఎందుకు బావా? మూలుగు పోయిందిగా. మాట నెగ్గావుగా,” అని బావమరిది పరుగెత్తుకొచ్చాడు.

“నెగ్గలేదురా. మేక కొరక్కపోతే మూడోసారీ ఎడమే అనేవాణ్ని. నిచ్చెన పట్టుకో.”

బోర్డు దిగింది. వీధిలో అందరూ చూశారు. పసుపు రేకు ఉన్నచోట గోడ మీద చదరంగా తెల్లని మచ్చ మిగిలింది. మేస్త్రి బోర్డును గోడకు ఆనించి, దాని ముందు కూర్చొని, చాటంత చెవిని చాలాసేపు పరిశీలించాడు. తన కుడి చెవిని తడిమి చూసుకొన్నాడు. ఎడమ చెవిని తడిమి చూసుకొన్నాడు. తర్వాత బోర్డులు రాసేవాడికి కబురు పంపాడు.

“తుడిచెయ్యమంటారా?” అని అడిగాడు వాడు రంగు డబ్బాలు దించుతూ.

“తుడిచి మళ్లీ చెవే వెయ్యి. ఇది కుడి చెవి. నాకు ఎడమ చెవి కావాలి.”

బోర్డులు రాసేవాడు తల వంచి అటునుంచీ ఇటునుంచీ చూశాడు. “ముఖమే లేదు కదండీ. ఏ చెవైతే ఏంటి?”

“ఏంటా?” అంది మేడ మీదినుంచి భార్య. “ఏడాదిగా ఆ కుడి చెవితో కాపురం చేసినదాన్ని, నన్నడుగు చెబుతాను!”

ఆ గొంతు విని మేస్త్రి అలవాటుకొద్దీ ఎడమకు, వీధి వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ఆగాడు. ఉన్నచోటనే, తొందరపడకుండా, గుండ్రంగా తిరగడం మొదలుపెట్టి, మేడ మెట్ల దగ్గర ఆమె కనబడగానే నిలిచాడు.

ఈ తిరగడం తర్వాత ఆయనకు అలవాటైంది. మోత బండి వచ్చినా ఒకసారి ముందుకు కూర్చొని, ఒకసారి సీటు మీద మోకాళ్లూని వెనక్కి తిరిగి వింటాడు. ఆ పైన జాకీ ఎత్తుతాడు. ఇది మేస్త్రి కొత్తగా కనిపెట్టిన రహస్య పద్ధతి అని దూరపు వీధులవాళ్లు చెప్పుకొంటారు. దగ్గరివాళ్లు సరిదిద్దరు. బోర్డు కింద ఇప్పుడు ఒక వాక్యం అదనంగా ఉంది: ‘దయచేసి ఎడమవైపునుంచి మాట్లాడవలెను.’ ఆ వాక్యం చెప్పి రాయించింది ఆయన భార్యే.